ఈ పూట చీమ కుట్టలేదు

అందరూ లేచారు. ఒకావిడ లేవలేదు.

ఉదయం 6.52. తోట మధ్యలో రేకుల కప్పు వేసిన యోగా హాలు. పద్నాలుగు చాపలు. శవాసనం అయిపోయింది. పదముగ్గురు పక్కకు ఒత్తిగిలి, లేచి కూర్చుని, అరచేతులు రుద్దుకుని కళ్లకు అద్దుకున్నారు. చివరి వరుసలో, గోడ పక్క చాప మీద ఉన్నావిడ కదల్లేదు. నిద్ర పట్టేసిందనుకుని పక్కావిడ నవ్వుతూ భుజం తట్టింది. తల పక్కకు వాలింది. పెదవి చివర ఆకుపచ్చ నురగ.

తట్టినావిడ కేక తోటంతా వినిపించింది.

7.40కి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. స్టేషన్లో వెనకాల ఆమెను 'చీదర మేడం' అంటారు. శవం దగ్గర ఆమె ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. అబద్ధం వింటే మాత్రం మొహం ఎండు మిరపకాయలా ముడుచుకుపోతుంది.

గేటు మీద బోర్డు ఉంది. 'ఇంగ్లీషు మందులకు ప్రవేశం లేదు.' అక్కడే మొహం సగం ముడుచుకుంది.

"మేడం, ఇది మామూలు చోటు కాదు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. భక్తితో గొంతు తగ్గించాడు. "గురూజీ వీడియోలు మా ఇంట్లో రోజూ చూస్తాం. తన తొమ్మిదేళ్ల కూతురికి షుగరొస్తే, వేళ్లూ ఆకులతోనే తగ్గించేశాడు. బీపీకి నేను వీళ్ల పొడే వాడుతున్నా. బిళ్లలు మానేసి రెండు నెలలైంది."

"శభాష్. నువ్వు పోతే మిగిలిన పొడి మీ ఆవిడకి పనికొస్తుంది. పద."

చనిపోయినావిడ గురూజీ భార్యకు అక్క. రిటైర్డ్ నర్సు. రెండేళ్లుగా చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది. పోలీసు డాక్టర్ ఆమె నోరు చూసి, నాలుక చూసి లేచాడు.

"ఏదో మొక్క విషం. తాగి గంటన్నర పైనే అయ్యుంటుంది. మిగతాది ల్యాబ్ చెప్పాలి."

గురూజీ తెల్లబట్టల్లో, తెల్లగడ్డంతో, చేతులు జోడించి నిలబడ్డాడు. గొంతులో తేనె కారుతోంది.

"పొరపాటు జరిగిందమ్మా. మా వదినకి ఆకుల మీద పూర్తి అవగాహన లేదు. తనే ఏదో కోసుకుని కాచుకుని తాగింది."

"మీరు చూశారా?"

"లేదు. ఈ రోజు ఆవిణ్ని చాప మీద చూడటమే."

"ఆవిడ మందులేమైనా వాడేదా?"

"ఈ గేటు లోపలికి పదేళ్లుగా ఒక్క మాత్ర కూడా రాలేదమ్మా."

ఇన్‌స్పెక్టర్ మొహం పూర్తిగా ముడుచుకుంది.

యోగాకి వచ్చినవాళ్లలో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. రిటైరైనా లెక్కలు వదల్లేదు.

"శవాసనం రోజూ ఏడు నిమిషాలండి. ఈ రోజు ఇరవై రెండు."

"కళ్లు మూసుకుని ఉంటారు కదా?"

"గురూజీ మూసుకోమంటాడు. నేను గడియారం చూస్తుంటా. మధ్యలో ఆవిడ మూలిగింది కూడా. రెండుసార్లు."

"ఎవరూ లేవలేదా?"

మాస్టారు తల దించుకున్నాడు. "లేవబోయామండి. 'ఎవరూ కళ్లు తెరవద్దు, ఆమెలోని విషం బయటికి పోతోంది' అన్నాడాయన. మేం పడుకునే ఉన్నాం."

పదిమందికి పైగా మనుషులు కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే, గోడ పక్కన ఒకావిడ ప్రాణం పోయింది. ఇన్‌స్పెక్టర్ ఇంట్లోకి నడిచింది.

ఇల్లు శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. టీవీ లేదు. ఫ్రిజ్ లేదు. చెత్తబుట్ట కూడా లేదు. ఆ మాటే గురూజీ భార్యను అడిగితే, ఏడ్చి వాచిన కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

"మేం ఏదీ పారేయమండి. తొక్కలు ఎరువు గుంతలోకి పోతాయి. గాజుసీసాలు ఆయనే కడిగి, ఆరబెట్టి, విత్తనాలు పోస్తారు. ఇంటికొచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకూడదు కదా."

అక్క శవం హాల్లో ఉండగానే, అలవాటు కొద్దీ, అలమారలోంచి వేలెడంత సీసా తీసి హెడ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టింది. తోటకూర గింజలు. అతను కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

ఆకుకూరలు వాడిపోకుండా తడి ఇసుక కుండల్లో దాస్తారట. వంటింట్లో అలాంటివి మూడున్నాయి. నాలుగోది నర్సు మంచం కింద కనిపించింది. అందులో ఆకూ లేదు, కాడా లేదు. ఇసుకలో రెండు గుండ్రటి గుంటలు మాత్రం ఉన్నాయి.

8.15కి ఇన్‌స్పెక్టర్ చివరి గది తలుపు తోసింది.

గుప్పున వాసన. మగ్గిపోయిన పళ్ల వాసన.

"ఇక్కడ పళ్లు పెట్టారా?"

"లేదండి," అంది తల్లి. "పాప పడుకునే గది."

ఇన్‌స్పెక్టర్ కాళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. చిన్నప్పుడు షుగరు ముదిరిన తమ్ముడి నోట్లోంచి వచ్చిన వాసన ఇదే. మూడో రోజుకి వాడు లేడు. ఇంట్లోవాళ్లు వాడికీ ఏదో పసరు పోశారు.

మంచం మీద పాప ఎగశ్వాస తీస్తోంది. పెదాలు ఎండిపోయాయి. కళ్లు సగం తెరిచింది.

"పెద్దమ్మేది? ఈ పూట చీమ కుట్టలేదు. నిన్న కూడా కుట్టలేదు."

"నిన్నటి నుంచి ఇలాగే పలవరిస్తోందండి," అంది తల్లి. "శుద్ధి జరుగుతోందని ఆయన చెప్పారు. ఎల్లుండి సభకి కుదురుకుంటుందట."

"ఏం సభ?"

"పాపని అందరికీ చూపిస్తారు. మందు లేకుండా తగ్గిందని."

ఇన్‌స్పెక్టర్ పాపను దుప్పటితో సహా ఎత్తుకుంది. గుమ్మంలో గురూజీ అడ్డం నిలబడ్డాడు.

"మధ్యలో ఆపితే శుద్ధి వికటిస్తుందమ్మా."

"తప్పుకోండి."

"నా బిడ్డ!"

"తప్పుకోమన్నాను."

ఆ గొంతుకి తప్పుకున్నాడు. కానీ వెనకే వస్తున్న భార్యను చూసి, తేనె ఏమాత్రం తగ్గకుండా అన్నాడు. "నువ్వు ఆసుపత్రి గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కకు."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పాపను జీపులో లేడీ కానిస్టేబుల్ ఒళ్లో పెట్టుకుంది. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది. తల్లి ఆ దుమ్ము వైపే చూస్తూ నిలబడింది. ఇన్‌స్పెక్టర్‌కి ఆ మనిషి మీద జాలి, అసహ్యం రెండూ ఒకేసారి కలిగాయి.

9.50కి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"షుగర్ మీటరుకి కూడా అందట్లేదు," అన్నాడు అక్కడి డాక్టర్. "ఇంకో మూడు నాలుగు గంటలైతే చేతులెత్తేసేవాళ్లం. ఇప్పుడు కూడా మాటివ్వలేను. ఇంకో సంగతి మేడం. పొట్ట మీదా తొడల మీదా సూది గుర్తులున్నాయి. పాతవి, కొత్తవి. ఈ పిల్లకి ఎవరో రోజూ ఇన్సులిన్ ఇస్తున్నారు. నిన్న ఆగిపోయింది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది. చీమ అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"నీ జేబులో సీసా తియ్యి."

10.05. శవాన్ని పోస్టుమార్టానికి పంపేశాక, యోగా హాలు. అవే చాపల మీద అందరినీ కూర్చోబెట్టింది. గురూజీ ఎదురుగా, భార్య ఓ మూల, మాస్టారు ముందు వరుసలో.

"ఈ సీసా ఎవరిది?"

"మాదేనమ్మా. తోటకూర విత్తనాలు," అన్నాడు గురూజీ.

"చీటీ మీద రాత?"

"నాదే."

"తేదీ?"

"నిన్నటిది."

"మూత?"

ఇన్‌స్పెక్టర్ రబ్బరు మూత ఊడదీసి వెలుతురుకి పట్టుకుంది.

"మాస్టారూ, మీకు లెక్కలొచ్చు కదా. దీనికి కన్నాలెన్ని?"

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇరవై... ఇరవై పైనేనండి. సూది కన్నాల్లా ఉన్నాయి."

"సూది కన్నాలే. ఇది ఇన్సులిన్ సీసా. ఇలాంటివి రెండు నర్సు మంచం కింద తడి ఇసుకలో చల్లగా ఉండేవి. ఇసుకలో గుంటలకి ఈ సీసా అడుగు సరిగ్గా సరిపోయింది. ఇంకొకరైతే నిన్ననే దీన్ని ఏ కాలవలోనో విసిరేసేవాళ్లు. ఈయన ఏదీ పారేయడు. మందు ఒలకబోశాడు, సీసా కడిగాడు, గింజలు పోశాడు, తేదీ వేశాడు. పదేళ్లుగా ఒక్క మాత్ర కూడా రాని ఇంట్లో!"

భార్య లేచి నిలబడింది. "నిన్న పొద్దున మీరు ఎండలో పెట్టిన సీసాలు ఇవేనా? అయితే... పాపకి తగ్గింది మన ఆకులతో కాదా?"

"మీ అక్క సూదితో," అంది ఇన్‌స్పెక్టర్. "రెండేళ్లు. పాపకి చీమ అని చెప్పి."

"అబద్ధం! ఆమె తన చేత్తోనే గ్లాసెత్తి గటగటా తాగింది," అన్నాడు గురూజీ. గొంతులో తేనె ఆఖరి చుక్క కూడా ఇంకిపోయింది. "నేను నోట్లో పొయ్యలేదు."

"ఈ రోజు ఆవిణ్ని చాప మీదే చూశానన్నావు. తాగడం ఎప్పుడు చూశావు?"

"మా అక్కకి కషాయం వాసనే పడదు," అంది భార్య. "ఏం చెప్పి తాగించారు?"

గురూజీ గడ్డం నిమురుకున్నాడు.

"చెప్పండి!"

"తాగి చూపిస్తే," అన్నాడు చివరికి, "క్లాసయ్యాక గేటు తాళం తీస్తానన్నాను. పాపని ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను."

"తోటలో పెట్టిన కషాయం డ్రమ్ముల్లో దేన్లోది పోశావ్?" అంది ఇన్‌స్పెక్టర్.

"పురుగులకి కొట్టేది." ఆ తర్వాత, తప్పు దిద్దుతున్నట్టు అన్నాడు. "అది కూడా పూర్తిగా సహజమైనదే."

ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచి, గోడ పట్టుకుని భళ్లున వాంతి చేసుకుంది. పదిహేడేళ్ల సర్వీసులో మొదటిసారి. నోరు కడుక్కుని వచ్చి, తనే బేడీలు వేసింది.

మర్నాడు ఉదయం 6.30. పిల్లల వార్డు.

హెడ్ కానిస్టేబుల్ కింద మందుల షాపు దగ్గర బీపీ బిళ్లలు కొనుక్కుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ వార్డు గుమ్మంలో ఆగింది. పాప గండం గట్టెక్కింది. కళ్లు తెరిచే ఉంది. తల్లి చేతిలో సూది ఉంది. పక్కన ఆసుపత్రి నర్సు ఓపిగ్గా చూపిస్తోంది.

"ఇక రోజూ మీరే ఇవ్వాలమ్మా."

పాప సూదినీ తల్లి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"చీమని పెద్దమ్మ నీకిచ్చి వెళ్లిందా?"

తల్లి తలూపింది. పళ్లు బిగబట్టి, రెండు వేళ్లతో చర్మం పట్టుకుని, సూది దింపింది.

"కుట్టిందా తల్లీ?"

"ఆఁ," అంది పాప. "కుట్టింది. పెద్దమ్మ చీమ ఇంత నొప్పి పెట్టదు. నువ్వు నేర్చుకోవాలి."