దీపస్తంభం మెట్లు ఎన్ని?

చీకటి పడ్డాక ఆ పాత దీపస్తంభం వైపు ఎవరూ వెళ్ళరు. తప్పనిసరైతే చుట్టు తిరిగి వెళతారు. చుట్టుదారి లేదనుకోండి... వెళ్ళడమే మానుకుంటారు.

కారణం అక్కడి వారందరికీ తెలుసు. పూర్వం దీపం వెలిగించే కాపరి ఒకడుండేవాడు. సాయంత్రం మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడు, తెల్లవారాక లెక్కపెట్టుకుంటూ దిగేవాడు. రేవు చివర కొత్త విద్యుద్దీపం పెట్టి, ఇక నువ్వు ఎక్కనక్కరలేదని చెప్పిన రోజున కూడా అలవాటు చొప్పున ఎక్కాడట. ఎక్కడం చూసినవాళ్ళు ఉన్నారు...

దిగడం చూసినవాళ్ళు లేరు.

వెనుక వాకిలిలోంచి బయటపడి సాయంత్రం పడవలో కూతురింటికి వెళ్ళిపోయాడని ఒకరిద్దరు పెద్దలు అంటారు. అంత చప్పటి సంగతిని నమ్మేదెవరు? అందరూ నమ్మిన మాట వేరు. రాత్రివేళ ఆ మెట్ల మీద ఎవరో లెక్కపెడుతూ ఉంటారని. విన్నది విన్నట్టు చెప్పుకుంటే, ఆ తరువాతి కథ ఇది.

ఒకవైపు సముద్రం, మూడువైపులా ఇంకొకరి పాలన... నడుమ అరచేయంత ప్రాంతం అది. పొద్దున్న పడవ దిగినవారు మధ్యాహ్నానికల్లా అంతా చూసేసి, ఇప్పుడేం చేద్దామని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అటువంటివారి కోసం సమాచార కార్యాలయం ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. ‘రెండు రోజుల్లో చేయదగిన పది పనులు’ అని దాని పేరు.

పది పనులు పోగుచేయడానికి కార్యాలయపు పెద్ద గుమాస్తా పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నాలుగో పని, రేవులో బెంచీ మీద కూర్చోవడం. ఆరో పని, మ్యూజియంలోని ఫిరంగిని చూడడం. ఏడో పని, అదే ఫిరంగిని రెండోవైపు నుంచి చూడడం.

అయితేనేం, అందులో పొల్లు మాట లేదు. ‘బెంచీలు ఆరు, మూడవది ఊగును’ అని రాశారంటే, ఆరింటి మీదా కూర్చుని చూసి రాశారన్నమాట. ప్రతి అంశం కింద ‘స్వయంగా చూశాను’ అని రాసి సంతకం పెట్టేవారు. అందువల్ల అందరూ ఆయనను స్వయంగారు అనేవారు. భార్య కూడా అనేది... ఆయన ఇంట్లో లేనప్పుడు.

పదో పని దీపస్తంభం ఎక్కడం. ‘మెట్లు నూట నలభై రెండు. స్వయంగా చూశాను.’

చూడలేదు.

పదిహేనేళ్ళ కిందట ఆ వాకిలి దాకా వెళ్ళిన మాట నిజమే. లోపల చీకటి చూశారు, కాపరి కథ గుర్తుకొచ్చింది, మోకాలు నొప్పి పుట్టింది. బయటే నిలబడి కిటికీలు లెక్కపెట్టారు. తొమ్మిది. కిటికీకి పదహారు మెట్ల చొప్పున నూట నలభై నాలుగు. అది మరీ గుణించి రాసినట్టు ఉంటుందని రెండు తగ్గించి, సంతకం చేసి ఇంటికి వచ్చేశారు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే. ఒక్కటే కనుక పదిహేనేళ్ళూ అది ఒంటరిగా, ఏ తోడూ లేకుండా, గుండెలో కూర్చుని పోటు పెడుతూనే ఉంది.

ఇప్పుడు ఆ పోటు కాగితమై వచ్చింది. ఎవరో యాత్రికుడు మూడుసార్లు ఎక్కి లెక్కపెట్టి, మీ లెక్క తప్పని పైవారికి ఫిర్యాదు రాశాడు. ప్రధాన కార్యాలయపు అధికారిణి దగ్గరనుంచి ఉత్తరం... ‘రేపు ఉదయం పది గంటలకు మీతో కలిసి మెట్లు లెక్కిస్తాను. తేడా వచ్చినచో మీ తక్కిన తొమ్మిది సంతకాలను కూడా నమ్మడానికి వీలుండదు. పుస్తకం ఉపసంహరించబడును.’

పుస్తకం పోతే ఆయన ఏమవుతారు? ఊగే బెంచీ మీద కూర్చున్న మామూలు మనిషి అవుతారు.

“ఆవిడతో పాటు రేపే ఎక్కితే పోలా?” అంది భార్య.

“రేపు తేలితే పరువు పోతుంది. ఈ రాత్రే తేలితే, అచ్చుతప్పు పడిందని నేనే ముందుగా చెప్పవచ్చు.”

“అంటే అబద్ధాన్ని అచ్చుతప్పు చేస్తారన్నమాట.”

ఆయన టార్చిలైటు వెలుగుతోందో లేదో చూసుకున్నారు.

“మరి మోకాలో?”

“మోకాలికేం?”

“ఏం లేదు. ఇన్నేళ్ళూ నెపమంతా పాపం దాని మీదే వేశారు కదా, అడిగాను.” అని లోపలికి వెళ్ళి ఒక సంచీ, ఒక రేకు డబ్బా తెచ్చింది. “ఇవి ఎండు బఠాణీలు. నూట యాభై, లెక్కపెట్టాను. మెట్టుకొకటి డబ్బాలో వేసుకోండి. భయంలో మనిషి అంకెలు మరిచిపోతాడు. బఠాణీలు మరిచిపోవు.”

“నాకు భయమేమిటే?”

“మీక్కాదు లెండి, బఠాణీలకి. ఒక్కటి తగ్గినా ఊరుకోను. రేపు కూరలోకి అవే.”

ఊరు సద్దుమణిగాక స్వయంగారు బయలుదేరారు. గాలి లేదు. అలల చప్పుడు కూడా ఎవరికో వినపడకుండా ఉండాలన్నట్టు మెల్లగా వస్తోంది. కార్యాలయపు తాళంచెవి పట్టుకుని వాకిలి ముందు నిలబడ్డారు...

తాళం తీసి ఉంది.

వేయడం మరిచిపోయి ఉంటారని తనకు తాను చెప్పుకున్నారు. ఎవరు? ఆ తాళంచెవి ఉండేది తన దగ్గరే. ఆ సంగతి తనకు తాను చెప్పుకోలేదు.

డబ్బాను తాడుతో మెడకు వేలాడదీసుకున్నారు. ఎడమచేతిలో సంచీ, కుడిచేతిలో బఠాణీ. టార్చిలైటు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కనుక దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకున్నారు. మొదటి మెట్టు...

టక్.

రెండో మెట్టు. టక్.

రాతిగోడ వెంబడి మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి. పది... ఇరవై... ముప్పై. మోకాలికి ఏ నొప్పీ లేదు. ఇంత సులువైన పనికా పదిహేనేళ్ళు వణికానని నవ్వుకుందామనుకున్నారు. నోట్లో టార్చి ఉంది కనుక కుదరలేదు.

నలభయ్యో బఠాణీ పడింది. టక్.

అప్పుడు వినిపించింది. పైనుంచి. గుసగుసగా.

“...ఎనభై ఆరు... ఎనభై ఏడు...”

స్వయంగారు రాయిలా ఆగిపోయారు.

పైన లెక్క కూడా ఆగిపోయింది.

ఊపిరి బిగబట్టి విన్నారు. ఏమీ లేదు. చెవులే మోసం చేశాయేమో... వేళ్ళలోంచి ఇంకొక బఠాణీ డబ్బాలోకి జారింది. టక్.

పైన అడుగులు గబగబా కదిలాయి. “ఎనభై ఎనిమిది! ఎనభై తొమ్మిది!”

ఆగితే లెక్క పోతుంది. వెనుదిరిగితే పరువు పోతుంది. పైకి వెళితే ప్రాణం పోతుంది. మూడింటినీ బేరీజు వేసుకుని, ఇన్నేళ్ళ ఉద్యోగం చేసిన మనిషి కనుక, ప్రాణాన్నే వదులుకోదలచారు. ఎక్కారు.

టక్. టక్. “తొంభై నాలుగు...” టక్. టక్. “తొంభై అయిదు...”

ఇదేం విచిత్రమో, ఆయన రెండు మెట్లెక్కితే పైన ఉన్నది ఒకటే ఎక్కుతోంది. ఆయన ఆగితే అదీ ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆయాసం వినిపిస్తోంది. దెయ్యాలకు ఆయాసం ఉంటుందా? చచ్చేనాటికి ఉంటే ఉంటుందేమో. ఆ కాపరి వయసు ఎంత?

స్వయంగారి లెక్క నూరు దాటింది. నూట ఇరవై దాటింది. ఇక మలుపు తిరిగితే కిటికీ... వెన్నెల... ఆ వెన్నెల్లో—

తెల్లటి ఆకారం!

గోడకు అతుక్కుని, తల మీదినుంచి తెల్లటి గుడ్డ కప్పుకుని, ఆయన వైపే చూస్తోంది.

ఆ ఆకారానికి కనిపించినది మాత్రం తక్కువదా? చీకట్లోంచి లేచి వస్తున్న ఒట్టి తల. నోట్లో ఎర్రగా మంట. బుగ్గలు రెండూ లోపలినుంచి వెలుగుతున్నాయి. మెడకింద ఏదో టక్ టక్ మంటోంది.

అది కెవ్వుమంది.

కెవ్వుమనడానికి స్వయంగారు కూడా నోరు తెరిచారు. టార్చి జారి దొర్లుకుంటూ కిందికి పోయింది. దాని వెనకే సంచీ. ఆయన పట్టుకోబోతే మెడలోని డబ్బా తాడు తెగింది. నూట యాభై బఠాణీలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ, మెట్టు మెట్టుకీ కబుర్లు చెప్పుకుంటూ అడుగుదాకా వెళ్ళిపోయాయి.

చివరి బఠాణీ అడుగున ఎక్కడో ఆగింది.

“ఎ... ఎవరు?” అంది ఆకారం.

“నేనే.”

“నేనే అంటే?”

“సమాచార కార్యాలయం.”

ఈసారి చాలా చిన్న గొంతుతో... “నాదీ అదే.”

తెల్లటి గుడ్డ తొలగింది. శాలువా అది. దాని లోపల ప్రధాన కార్యాలయపు అధికారిణి!

“నమస్కారమండీ,” అన్నారు స్వయంగారు, చీకట్లోనే చేతులు జోడించి.

“నమస్కారం. కూర్చోండి.”

కూర్చున్నారు. ఆవిడా కూర్చుంది. మెట్టుకొకరు.

“తమరు రేపు పదింటికి కదమ్మా రావలసింది?”

“మీరూ రేపు పదింటికే కదా రావలసింది?”

చివరికి స్వయంగారే ముందు బయటపడ్డారు. “చెప్పకపోతే నిద్రపట్టదు. ఆనాడు నేను ఎక్కలేదమ్మా. కిటికీలు చూసి రాశాను. తమరు సరిచూస్తారు కదా, తప్పుంటే అక్కడే దొరుకుతుందిలే అనుకున్నాను.”

అధికారిణి శాలువా కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది. “సరిచూసినట్టు సంతకం పెట్టింది నేనే. అప్పుడు కొత్తగా చేరాను. నేనూ ఎక్కలేదు. మీరు ఎక్కారు కదా అనుకున్నాను. మీది ‘స్వయంగా’ సంతకం కదా!” కాసేపాగి అంది, “అందుకే సాయంత్రం పడవకే వచ్చేశాను. మా దగ్గర మారు తాళంచెవి ఉంది. కిందనుంచి ఆ టక్ టక్ వింటుంటే... అదేదో ఎముకల చప్పుడనుకున్నానండీ.”

“బఠాణీలమ్మా.”

“ఏమిటి?”

“మా ఇంట్లోది ఇచ్చింది. లెక్కకి.”

అధికారిణికి ముందు నవ్వు రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. ఆవిడను చూసి స్వయంగారు కూడా నవ్వారు. ఆ దీపస్తంభంలో మనిషి నవ్వు వినిపించి ఎన్నేళ్ళయిందో ఏమో, గోడలు దాన్ని రెండుమూడుసార్లు తిప్పి తిప్పి విన్నాయి.

“సరేగానీ, మీకు ఎన్నయ్యాయి?” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

“బఠాణీలతోనే పోయాయి. తమకో?”

“కేక పెట్టాను కదా, అందులో పోయాయి.” అని పైకి చూసి నిట్టూర్చింది. “మళ్ళీ మొదటినుంచా! మొత్తం ఎన్ని ఉంటాయంటారు?”

“నూట నలభై మూడు.”

“అంత కచ్చితంగా ఎలా చెప్పారు?”

“ఏది?”

“ఇప్పుడు నూట నలభై మూడన్నారు కదా!”

“నేననలేదమ్మా. తమరే అన్నారనుకుని...”

ఇద్దరూ మెల్లగా తలలెత్తారు.

పై మలుపులో చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకటిలోంచే, తొందర లేని ముసలి గొంతు, ఎన్నో ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని కూర్చున్నట్టు, మళ్ళీ పలికింది.

“నూట నలభై మూడు. దిగేటప్పుడు బఠాణీలు చూసుకోండి...”

పై అధికారికి ముందు దారి ఇవ్వడం మర్యాద. ఆ మర్యాదను స్వయంగారు ఆ రాత్రి పాటించలేదు. అయినా అధికారిణే ముందు వాకిలి చేరింది. బఠాణీల మీద కాలు పడి సగం మెట్లు ఆవిడకు కలిసొచ్చాయి.

మర్నాడు పదింటికి ఉమ్మడి తనిఖీ జరిగింది. ఎండ బాగా కాస్తోంది. ఇద్దరూ దీపస్తంభం ఎదురుగా, కొంచెం దూరంగానే నిలబడ్డారు. అధికారిణి నడుము మీద చెయ్యి వేసుకుని ఉంది.

“నూట నలభై మూడు కదండీ?”

“నూట నలభై మూడేనమ్మా.”

సంతకాలయ్యాయి. తక్కిన తొమ్మిది అంశాలూ నిలిచాయి, పుస్తకమూ నిలిచింది. కొత్త అచ్చులో పదో అంశం కింద మాత్రం ‘స్వయంగా చూశాను’ లేదు. దాని బదులు ‘విశ్వసనీయంగా తెలిసినది’ అని ఉంది. పదిహేనేళ్ళ పోటు ఆనాటితో తగ్గింది. బఠాణీల విషయంలో భార్య పెట్టిన పోరు తగ్గలేదు.

ఫిర్యాదు చేసిన యాత్రికుడు ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. పొద్దుగూకే వేళకు ఎక్కాడు, దిగాడు. మర్నాటి పడవకు వెళుతూ కార్యాలయంలో ఒక మూటా, ఒక ఉత్తరమూ ఇచ్చి వెళ్ళాడు.

‘ఈసారి లెక్క సరిగ్గా ఉంది. సంతోషం. పైన మీరు నియమించిన వృద్ధుడు చాలా మర్యాదస్తుడు. ఇవి మీవట, అందజేయమన్నాడు. ఒక చిన్న మనవి. పాపం ఆ వయసులో ఆయన నిలబడే ఉంటున్నాడు. ఒక కుర్చీ వేయించగలరు.’

మూటలో రేకు డబ్బా ఉంది. స్వయంగారు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, మాట్లాడకుండా వంటింట్లో పెట్టారు. భార్య పళ్ళెంలో పోసి లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

“నూట యాభై,” అంది. “ఒక్కటీ తగ్గలేదు. కడిగి మరీ ఇచ్చారండోయ్! ఎవరో గానీ పద్ధతైన మనిషి.”

ఆ వారమే కార్యాలయం నుంచి ఒక కుర్చీ వెళ్ళింది. చేతులున్నది, ఊగనిది. పట్టపగలు ఇద్దరు కూలీలు మోసుకెళ్ళి, పై మెట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా దిగివచ్చారు.

పుస్తకంలో పదకొండో అంశం చేర్చమని అధికారిణి రెండుసార్లు రాసింది. స్వయంగారు ససేమిరా అన్నారు. ఆయన నియమం ఆయనది. ఆ వృద్ధుణ్ణి ఆయన స్వయంగా చూడలేదు.

చూసే ఉద్దేశమూ లేదు.