రెండో కొస

"అక్కా, గుంజుతున్న! ఉన్నవా?"

"ఉన్న."

కిటికీ బయట నిలబడి నిరోష ఎర్ర నూలు పోగును రెండుసార్లు గుంజింది. లోపల మనీష మణికట్టుకు కట్టిన పోగు రెండుసార్లు కదిలింది. మనీష ముక్కు తుడుచుకుని పలక ముందర కూర్చుంది.

ఆ రోజు మంగళవారం. ఆ సర్కారు బడిలో ఈ ఏడే యూకేజీ పెట్టారు. మనీషకు ఐదేళ్లు. అక్క నిరోష అదే బడిలో ఐదో తరగతి.

సోమవారం మనీష అక్క చెయ్యి వదల్లేదు. నిరోష పొద్దంతా చిన్నపిల్లల గదిలోనే కూర్చోవాల్సి వచ్చింది.

"ఏం నిరోషా, ఐదు నుంచి యూకేజీకి దిగినవా? నీకూ ఒక పలక తేవాల్నా?" అని బడి విడిచాక తన తరగతి దివాకర్ ఎక్కిరించాడు. తరగతి అంతా నవ్వింది.

అందుకే ఇవాళ ఇంటి నుంచి పోగు తెచ్చింది.

వాళ్లది నేతపని ఇల్లు. పడుగు నూలును వీధి పొడుగునా చాపినప్పుడు ఒక కొస బాపు పట్టుకునేవాడు, రెండో కొస అమ్మ పట్టుకునేది. మగ్గాల చప్పుడులో అంత దూరం మాట వినపడదు. రెండుసార్లు గుంజితే "పట్టుకున్న, వదల్లే" అని. ఈ సంగతి మనీషకు కూడా తెలుసు.

అమ్మ లేదు. పోయిన వానకాలం నల్లగొండ దవాఖానలో చనిపోయింది. ఇప్పుడు బాపు రెండో కొసను మేకుకు కడుతున్నాడు.

మొదటి గంట కొట్టారు. నిరోష అటూ ఇటూ చూసింది. తన చేతిలోని కొసను కిటికీ ఊచకు గట్టిగా ముడివేసింది. పిల్లికూనలా అడుగులో అడుగు వేసుకుంటూ తన తరగతికి పోయింది.

ఏడవదు, పోగు బిగువుగానే ఉంటది కదా అనుకుంది.

ఇంటర్‌బెల్లుకు తిరిగి వచ్చేసరికి పోగు తెగి వేలాడుతోంది. మనీష కిటికీ బయట నిలబడి ఊచకు ఉన్న ముడిని చూస్తోంది. పక్కన ఆయా బక్కమ్మ ఉంది.

"ఏం పిల్లవే నువ్వు! గుంజి గుంజి చెయ్యి కోసుకుంది. అక్క పలుకుతలేదు, అక్క పలుకుతలేదు అని ఒకటే ఏడుపు," అంది బక్కమ్మ.

మనీష మణికట్టు చుట్టూ ఎర్రగా గీత పడింది. ఒకచోట తోలు లేచింది.

ఇప్పుడు మాత్రం ఏడవడం లేదు. అక్క ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడనా?" అంది.

నిరోష ఊచకున్న ముడి విప్పింది.

ఆ సాయంత్రం బాపు మనీష చెయ్యి చూశాడు. మగ్గం ఆపాడు.

"ఏందిది?"

నిరోష అంతా చెప్పింది. "ఏడ్వకుండ ఉంటదని కట్టిన బాపూ."

బాపు తిట్టలేదు. తల నిమరలేదు.

"నేను గూడ గందుకే చెప్పిన, మీ అమ్మ రేపొస్తదని. ఎన్నొద్దులు గడప మీద కూసుంది నీ చెల్లె?"

"నెల."

"గప్పటి సంది నేను సంతకు పోతున్న అన్నా నమ్మదు. సంచి పట్టుకుని ఎంబడొస్తది." ఆయన గోడ వైపు చూశాడు. "మేకు తిరిగి గుంజదు బిడ్డా."

మగ్గం మళ్లీ కదిలింది.

బుధవారం మనీష బడికి వచ్చింది కానీ అక్క చెయ్యి పట్టుకోలేదు. ఒక అడుగు దూరంగా నడిచింది. యూకేజీ గుమ్మం దగ్గర నిరోష గొంతుకూర్చుంది.

"మనీషా, నేను ఈడ ఉండను. నా క్లాసు గా చివరి గది. ఇంటర్‌బెల్లు కొడితే వస్త. గప్పటిదాంక రాను."

ఈ మాట చెప్పగానే మనీష పెద్దగా ఏడ్చింది. భాగ్యశ్రీ టీచర్ వచ్చి ఎత్తుకుంది. నిరోష వెనక్కి తిరిగి నడిచింది. ఆ ఏడుపు వరండా చివరిదాకా వినపడింది. తరగతిలో కూర్చున్నాక కూడా వినపడుతున్నట్టే ఉంది.

గంట కొట్టారు. "ఖోఖోకు ఒకరు తక్కువైండ్రు, రా!" అని దివాకర్ కేక వేశాడు.

"చెల్లె కాడికి పోవాలె."

ఉరికింది. మనీష ఆమెను చూసి ముఖం తిప్పుకుంది. అయినా నిరోష ఇంటర్‌బెల్లు అయిపోయేదాకా పక్కనే కూర్చుంది. అన్నం గంటకు మళ్లీ వచ్చింది. గురువారం కూడా వచ్చింది. మనీష మాట్లాడలేదు.

శుక్రవారం బోర్డు మీద లెక్క తెగలేదు. గంట కొట్టి కొంతసేపయింది.

"మేడం, నేను పోవాలె. చెల్లెకు మాటిచ్చిన," అని చాక్‌పీసు పెట్టేసి ఉరికింది.

మనీష గుమ్మంలో నిలబడి ఉంది. చివరి గది వైపే చూస్తోంది.

పెద్దసార్ పిలిచాడనో, కడుపు నొచ్చిందనో చెప్పొచ్చు. నిరోష చెప్పలేదు.

"లెక్క రాలే. ఆల్షమైంది. తప్పు నాదే."

మనీష తన డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి అక్క ముందు పెట్టింది.

శనివారం గుమ్మం దగ్గర మనీషే ఆగింది. మణికట్టు మీది గీత నల్లబడి పక్కు కట్టింది.

"గంటకు వస్తవా?"

"వస్త."

"కట్టి పోవు గద?"

"పోను."

మనీష లోపలికి పోయింది. కాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత పలక తీసింది.

ఇంటర్‌బెల్లు కొట్టారు. మనీష తల ఎత్తి ముందు కిటికీ ఊచ వైపు చూసింది. అక్కడ ఏ పోగూ లేదు.

తర్వాత గుమ్మం వైపు చూసింది.

గంట మోత ఇంకా ఆగలేదు. నిరోష ఉరికొచ్చి ఎగపోస్తూ అక్కడ నిలబడి ఉంది.