మూడు గంటల గొడుగు

"ఈ ఏడాదిలో నీకిది నాలుగో గొడుగు, ఎసాలా," అంది లోసలీని మేడమ్.

సువా రేవు వెనక, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన సీక్రెట్ సర్వీస్ ఆఫీసు ఉంది. ఫిజీ దేశం మొత్తానికి ఉన్నది అదొక్కటే. దానికి చీఫ్ లోసలీని. ఆమె దగ్గరున్న ఐదుగురు ఏజెంట్లలో గట్టివాడు ఎసాలా. గొడుగుల సంగతి తప్ప.

ఆమె నల్ల గొడుగు బల్ల మీద పెట్టింది. "హ్యాండిల్‌లో వైర్‌లెస్. కొనలో మత్తు సూది, రెండు డోసులు. మొదటి గొడుగు ఏమైంది?"

"మా మేనమామ అడిగాడు మేడమ్."

"రెండోది?"

"పాస్టర్ గారు అడిగారు."

"మూడోది?"

ఎసాలా కిటికీలోంచి వానని చూశాడు.

అడిగితే ఇవ్వాలి. దాన్ని కెరెకెరె అంటారు. చుట్టమో, స్నేహితుడో, ఎదురింటివాడో నోరు తెరిచి అడిగాక లేదనకూడదు. అడిగినవాడికి సిగ్గు లేదు, దాచుకున్నవాడికే సిగ్గు.

"ఇది మాత్రం ఎవరడిగినా ఇవ్వకు," అంది లోసలీని. "మాంటా ముఠా ఊళ్లో దిగింది."

మాంటా అంటే సముద్రాల అడుగున ఖనిజాలని దొంగతనంగా తవ్వి అమ్ముకునే విదేశీ ముఠా. మన సముద్రం అడుగున వాళ్లు తవ్విన గోతులన్నింటికీ యూనివర్సిటీలో డాక్టర్ కెలెరా మ్యాపులు గీసింది. మధ్యాహ్నం మూడింటికి వాటిని మంత్రుల ముందు పెట్టబోతోంది.

"ఆ మ్యాపులు బయటపడకముందే ఆమెని చంపాలని వాళ్ల ప్లాన్. ఎలాగో తెలీదు. నాయకుడు ప్రొఫెసర్ క్రాన్లీ. పరిశోధకుడి పేరుతో రెండు రోజులుగా క్యాంపస్‌లో అతిథి. అతని సెక్రెటరీ మార్గో మన మనిషే, డబుల్ ఏజెంట్. ఆమె 'వాన వచ్చేలా ఉంది' అంటుంది. నువ్వు 'రానీ, గొడుగుంది' అనాలి."

"మేడమ్, సువాలో ఆ మాట అననివాడెవడు?"

"కోడ్ ఆమె పెట్టింది. మంచు దేశపు మనిషి, పాపం."

గడ్డి కోసేవాడి వేషంలో ఎసాలా క్యాంపస్‌లో దిగాడు. రెండు గంటల్లోపు పదకొండు మంది అతనితో వాన వచ్చేలా ఉందన్నారు. పదకొండు మందికీ గొడుగుందని చెప్పాడు. అందులో ఒక ఫిలాసఫీ లెక్చరర్ వెంటనే చెయ్యి చాపాడు. ఆయన తుమ్మిన క్షణంలో ఎసాలా మొక్కల చాటుకి తప్పుకున్నాడు.

క్రాన్లీ వరండాలో నిలబడి సిగార్ కాలుస్తున్నాడు. ఎదుట ఉన్నవాడు గడ్డి కోసేవాడు కాబట్టి మనిషి కింద లెక్కలేదు. ఫోన్‌లో గొంతు తగ్గించకుండానే మాట్లాడుతున్నాడు. "ఈ జనమా? నవ్వడం, తడవడం, ఈ రెండే వచ్చు. బహుమతి ఇస్తే పళ్లికిలించి తీసుకుంటారు. వీళ్ల గురించి ఇంకేం నేర్చుకోనక్కర్లేదు."

తీసుకున్నాక ఏం చేస్తారో కూడా నేర్చుకుని ఉంటే బాగుండేది.

రెండుంపావుకి మార్గో వచ్చింది. ఎర్ర గౌను, ఎత్తు మడమల చెప్పులు, కుండపోత వానలో నల్ల కళ్లద్దాలు.

"వాన వచ్చేలా ఉంది," అంది, నెత్తిమీద నీళ్లు కారుతుండగా.

"రానీ, గొడుగుంది."

"అసలు గొడవంతా గొడుగుతోనే! పొద్దున క్రాన్లీ డాక్టర్‌కి గొడుగు బహుమతిచ్చాడు. వెండి సొరచేప తల హ్యాండిల్. అందులో బాంబుంది. ఇప్పుడే చెప్పాడు నాకు. సరిగ్గా మూడింటికి పేలుతుంది."

ఎసాలా పరుగెత్తాడు.

డాక్టర్ కెలెరా తన గదిలో మ్యాపులని ప్లాస్టిక్ సంచిలో చుడుతోంది. "సొరచేప గొడుగా? లైబ్రరీలో లిటియా అడిగింది, ఇచ్చేశాను. ఏం, నీకూ కావాలా?"

"అందులో బాంబుంది డాక్టర్."

కెలెరా ముఖం పాలిపోయింది. తన ప్రాణం తప్పిందన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. "అయ్యో, లిటియా! చేతులారా నేనే ఇచ్చానే దానికి!"

లిటియా ఎసాలాకి మేనమామ కూతురు. అతని చేతిలో కొడవలి చూసి పుస్తకం మూసింది.

"ఏం బావా, ఇన్నాళ్లకి నీ చదువుకి తగ్గ ఉద్యోగం దొరికిందా?"

"లిటియా, గొడుగేది?"

"వచ్చావా దానికోసం! మా నాన్న దగ్గర నీ గొడుగు ఒకటుంది, వెళ్లి తెచ్చుకో."

"సరసాలకి టైం లేదే. అది పేలుతుంది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "టాక్సీ సుబర్మణన్న అడిగాడు బావా. పాసింజర్లు తడిసిపోతున్నారట. అమ్మని వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేది ఆయనే కదా. లేదని ఎలా అంటాను? ఇప్పుడే గెస్ట్‌హౌస్ నుంచి ఒక దొరని ఎక్కించుకుని, రేవుకెళ్తున్నానని నాకు కేకేసి మరీ బయల్దేరాడు. బట్టతల, రెండు పెట్టెలు, నోట్లో సిగార్."

క్రాన్లీ!

సుబర్మణికి ఫోన్ చేశారు. మోగింది, మోగింది, ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోనెత్తని డ్రైవర్ సువాలో అతనొక్కడే. ఆ రోజు ఆ మంచితనమే ప్రాణం మీదికి వచ్చింది.

మార్గో కారు తీసింది. స్కూళ్లు వదిలే వేళ, రోడ్డంతా బస్సులు. నల్ల గొడుగులోంచి లోసలీని గొంతు వినిపించింది. "ఎసాలా, గొడుగుందా?"

"నాది నా దగ్గరే ఉంది మేడమ్. బాంబున్న గొడుగు కోసమే వెళ్తున్నాను."

టాక్సీలో క్రాన్లీ వెనక సీటంతా ఆక్రమించి కూర్చున్నాడు. సుబర్మణి పొడి తువ్వాలు అందిస్తే దానితో బూట్లు తుడుచుకున్నాడు.

"మా ఊరు నచ్చిందా సార్?"

"వాన తప్ప ఏముంది ఇక్కడ?"

"అదైనా నచ్చింది కదా సార్, సంతోషం."

రేవులో టాక్సీ ఆగేసరికి మూడుకి రెండు నిమిషాలు. క్రాన్లీ ఎక్కాల్సిన లాంచి మూడు వందల అడుగుల అవతల ఉంది. అతను తలుపు తీసి కాలు బయటపెట్టాడు.

"ఉండండి సార్, తడిసిపోతారు!" సుబర్మణి తన సీటు కిందినుంచి గొడుగు తీసి విప్పి, అతిథి నెత్తిన పట్టాడు.

క్రాన్లీ ముక్కుకి ఎదురుగా వెండి సొరచేప పళ్లు ఇకిలించింది. సిగార్ నీళ్లలో పడింది.

"ఇది... ఇదెక్కడిది నీకు?"

"అడిగితే ఇచ్చారు సార్. నచ్చిందా? తీసుకోండి, మీకే."

ప్రొఫెసర్ కెవ్వున అరిచి పరుగు లంకించుకున్నాడు. అతిథి తడిసిపోతున్నాడని సుబర్మణి గొడుగు పట్టుకుని వెంటపడ్డాడు. అతను ఎంత వేగంగా పరిగెడితే ఇతనూ అంత వేగం. "సార్! జలుబు చేస్తుంది సార్!"

ఎసాలా కారు దిగేసరికి కనిపించిన దృశ్యం అది. మూడుకి ఒక్క నిమిషం. అడ్డంపడి గొడుగు లాక్కుని సముద్రంలోకి విసిరాడు. విప్పిన గొడుగు కదా, గాలి దాన్ని బుద్ధిగా తెచ్చి మళ్లీ అతని కాళ్ల దగ్గరే పెట్టింది. మూయబోయాడు. మూసుకోలేదు.

"అలా కాదన్నా," అన్నాడు సుబర్మణి రొప్పుతూ. "పైకి నెట్టి, కిందికి లాగాలి. పొద్దుట్నుంచీ ఇదే తంటా."

పైకి నెట్టాడు. కిందికి లాగాడు. ఈటెలా విసిరాడు.

సముద్రం ఇంతెత్తున లేచి పడింది. చేపలు తెల్లగా తేలాయి. రేవు కూలీలు క్షణం బిత్తరపోయి, మరుక్షణం బుట్టలకోసం పరుగెత్తారు.

లాంచి అంచు మీద కాలు పెట్టిన క్రాన్లీ పిరుదుల్లో ఎసాలా తన నల్ల గొడుగు కొన దించాడు. దేశాల సముద్రాలని మింగుదామని వచ్చిన మేధావి నోరు తెరుచుకుని, వానలో గురకపెడుతూ పడుకున్నాడు. బూట్లు తుడిచిన తువ్వాలే అయినా, తడవకుండా సుబర్మణి దాన్నే అతని ముఖం మీద కప్పాడు. మార్గో అతన్ని లాంచి తాడుతోనే కట్టేసింది.

సుబర్మణి సముద్రం వంక చూశాడు. ఆ తర్వాత ఎసాలా చేతి వంక చూశాడు.

"అన్నా, నా గొడుగు పోయింది. పాసింజర్లు తడుస్తారు. ఆ నల్లది..."

ఎసాలా కళ్లు మూసుకున్నాడు.

అరగంట ఆలస్యంగా, మూడున్నరకి డాక్టర్ కెలెరా మంత్రుల ముందు మ్యాపులు పరిచింది. ఆఫీసులో లోసలీని వైర్‌లెస్ అందుకుంది. "ఎసాలా, రిపోర్ట్."

"అయ్యబాబోయ్, గొడుగు మాట్లాడుతోంది!" అందొక గొంతు.

తను రోజూ ఎక్కే టాక్సీ డ్రైవర్ గొంతుని లోసలీని గుర్తుపట్టింది. కిటికీ బయట వాన ఇంకా జోరందుకుంది.

"సుబర్మణీ, నువ్వేనా? ఆ కొన ఎవరికీ తగలనివ్వకు, ఇంకో డోసుంది. అలాగే టాక్సీ ఇటు తీసుకురా. మంత్రుల దగ్గరికి వెళ్లాలి, నా దగ్గర గొడుగు లేదు."