పనిలోంచి తీసేసిన కారణం

స్టోర్ రూమ్ తలుపుకి కోసేసిన తాళం వేలాడుతోంది. లోపల ఉండాల్సిన బోటు ప్రొపెల్లర్ లేదు.

దొంగతనం జరిగి మూడు వారాలు. కంప్లయింట్ వచ్చింది మాత్రం ఈ ఉదయమే. సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రమీలకు అక్కడే ఒళ్లు మండింది.

బోట్ల యజమాని చెన్నకేశవులు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"దొంగెవడో చెప్పాను కదా మేడమ్. నా బోటు డ్రైవర్ బాలస్వామి. అందుకే పనిలోంచి పీకేశాను."

"అప్పుడే కంప్లయింట్ ఎందుకివ్వలేదు?"

"బిడ్డ గలవాడని జాలిపడ్డాను."

జాలి! ఈ దీవిలో మిడిల్ పాయింట్ కొట్ల దగ్గరా, ప్రోతరాపూర్ బస్సులోనూ, ఆఖరికి చర్చి గేటు దగ్గరా బాలస్వామి దొంగని టముకేసింది ఈ మహానుభావుడే. ఎవరూ పనివ్వలేదు. బతు బస్తీలో వర్క్‌షాపున్న సూరయ్య మెకానిక్‌గా తీసుకుంటానని, ఈ మాట చెవినబడి ఆగిపోయాడు. గత్యంతరం లేక బాలస్వామి పరువునష్టం నోటీసు పంపించాడు. అది అందింది నిన్న.

ప్రమీల బాలస్వామినీ, సూరయ్యనీ అక్కడికే పిలిపించింది.

"నా నౌకర్ని ఎందుకు తీసేశానో చెప్పుకునే హక్కు నాకు లేదా?" చెన్నకేశవులు గుడ్లురిమాడు.

"ఉంది. కొత్తగా పనిచ్చేవాళ్లు అడిగితే నిజం చెప్పండి, చట్టం అడ్డురాదు. అబద్ధమని తెలిసీ ఊరంతా చాటితే నేరం."

"నిజమే చెప్పాను. సబూత్ అదిగో, ఆ తాళం!"

"ఆ రోజు నుంచి అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"నూనె గట్రా రాశారా?"

"ఎవర్నీ ముట్టనివ్వలేదంటే!"

ప్రమీల రుమాలుతో తాళం తీసి వెలుతురులో పెట్టింది. తలుపు సముద్రం వైపే. మేకులు, గడియ, తాళం అన్నీ తుప్పు. కోసిన చోట మాత్రం తళతళలాడుతోంది.

"ఈ ఉప్పుగాలికి రాత్రి బయట మర్చిపోయిన కత్తిపీట పొద్దుటికి ఎర్రబడుతుంది. మూడు వారాల నాటి కోత ఇలా మెరుస్తుందా? నోటీసు చూశాక మీరే కోశారు. తప్పుడు కంప్లయింట్ కూడా కేసే. ప్రొపెల్లర్ ఎక్కడ?"

చెన్నకేశవులు మొహం మాడిపోయింది. "ఇంట్లో ఉంది."

"అసలెందుకు తీసేశారు?"

"బోటుకి చిల్లుందని వీడు సవారీలందర్నీ దింపేశాడు! జెట్టీ మీద నా ఇజ్జత్ తీశాడు!"

"ఈ మాట అప్పుడే చెప్తే ఆ రోజే పనిలో పెట్టుకునేవాణ్ని కదయ్యా," అన్నాడు సూరయ్య చెన్నకేశవులుతో. "బాలస్వామీ, రేపు వచ్చేయ్."

"వస్తాను భయ్యా."

బాలస్వామి మొహంలో నవ్వు లేదు. చెన్నకేశవులుకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బడిలో నా కూతుర్ని చోర్ కీ బేటీ అంతన్నారు సేఠ్. నిన్న అది కూడా అడిగింది, నాన్నా, నిజంగానే తీశావా అని. ఆ నోటీసు ఎనక్కి తీసుకోను."