మూడో గది ఖాళీ

సాయంత్రం 5:10కి మూడో గది తలుపు తెరిచారు. మెకానిక్ తలుపు పక్కనే ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద మంచు. ప్రాణం లేదు.

అది మందులు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ. లోపల మైనస్ ఇరవై ఐదు డిగ్రీలు.

5:50కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని శవాన్ని పరీక్షగా చూసింది. ఒంటిమీద పల్చటి చొక్కా. కుడిచేతి బొటనవేలి గోరు చిట్లింది. తలుపు లోపలి పిడి విప్పి నేలమీద పెట్టి ఉంది. పక్కనే స్క్రూడ్రైవర్, రెండు మరలు.

"మీరేమనుకుంటున్నారు?" సూపర్‌వైజర్‌ని అడిగింది.

"నేననుకునేదేముంది మేడమ్? కంప్యూటరే చెబుతోంది. 2:06కి కార్డు గీకి లోపలికెళ్ళాడు, పిడి బాగుచెయ్యడానికి. 2:21కి గది ఖాళీ. అంటే బయటికొచ్చేశాడు. తర్వాత కార్డు గీకకుండా మళ్ళీ దూరుంటాడు. తాళంచెవి అతని దగ్గరా ఉంది."

"ఎందుకు దూరతాడు?"

సూపర్‌వైజర్ గొంతు తగ్గించాడు. "పొద్దుట్నుంచీ అదోలా ఉన్నాడు. ఇంట్లో గొడవట. కోటు చూడండి, బయట కొక్కేనికే ఉంది. లోపల అలారం బటనుంది. సర్వర్‌లో ఒక్క అలారం కూడా లేదు. బతకాలనుకునేవాడు బటన్ నొక్కడా?"

వరండా బెంచీ మీద మెకానిక్ కూతురు కూర్చుని ఉంది. ఆ మాటలు ఆమెకు వినిపించాయి. "పొద్దున నేనే నోరు జారాను," అంది నేలచూపులు చూస్తూ. "నువ్వు నాకు భారమైపోయావు నాన్నా అన్నాను. టిఫిన్ తినకుండా వెళ్ళిపోయాడు."

ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం తట్టి లోపలికి నడిచింది.

6:20. ప్రోగ్రామర్ గది. కిటికీ లేని గది. తలుపులు, ఫ్యాన్లు అన్నీ నడిపే ప్రోగ్రాం రాసింది అతనే. కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు.

"గదిలో మనిషి ఉంటే ఏమవుతుంది?"

"ఫ్యాన్లు ఆగిపోతాయి మేడమ్. తలుపుకి తాళం పడదు."

"అంటే కోటు లేకుండా కాసేపు పని చేసుకోవచ్చు."

"అందరూ అలానే చేస్తారు. ఆ కోటుతో మరలు తిప్పడం కుదరదు."

"గది ఖాళీ అయితే?"

"తాళం దానంతటదే పడుతుంది. ఇక లోపలి నుంచి పిడి తిప్పితేనే తెరుచుకుంటుంది, తాళంచెవి బయటివైపు నుంచే పనిచేస్తుంది. ఫ్యాన్లు మొదలవుతాయి."

"2:21కి ఖాళీ అని సర్వర్‌కి ఎవరు చెప్పారు?"

"గది బయట గోడకున్న టెర్మినల్, అదే కార్డు గీకే పెట్టె, చెబుతుంది."

"చెప్పిందా? లేక మాట్లాడకుండా ఊరుకుందా?"

ప్రోగ్రామర్ కళ్ళజోడు బల్లమీద పెట్టాడు.

"నాకర్థమయ్యేలా చెప్పండి."

"మనిషి లోపలికెళ్ళగానే సర్వర్‌లో అతని పేర రికార్డు పుడుతుంది మేడమ్. టెర్మినల్ దూరం నుంచి దాన్ని పట్టుకుని ఉంటుంది. 'నాకింకా కావాలి' అని ఐదు నిమిషాలకోసారి సర్వర్‌కి కబురు పెడుతుంది. ఆ కబురు పది నిమిషాలు రాకపోతే గడువు తీరినట్టు. ఆ రికార్డు ఎవరికీ అక్కర్లేదనుకుని సర్వర్ తీసిపారేస్తుంది. గార్బేజ్ కలెక్షన్ అంటాం."

"చెత్త ఎత్తెయ్యడం."

"అవును. అనవసరమైనవి పేరుకుపోకుండా."

"మనిషి బయటికొచ్చినా, టెర్మినల్ మూగబోయినా, మీ స్క్రీన్ మీద ఒకే మాట. ఖాళీ."

ప్రోగ్రామర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. సర్వర్ రాసుకున్న అసలు లాగ్ తెరిచాడు.

2:06, మొదటి కబురు. 2:11, రెండోది. 2:16కి ఏమీ లేదు. 2:21కి గడువు తీరింది.

"ఆయన బయటికి రాలేదు," అన్నాడు. "రాలేదు మేడమ్. నా ప్రోగ్రామే తాళం వేసింది."

"టెర్మినల్‌కి సొంత జ్ఞాపకం ఉందా?"

"ఉంది. ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

7:15కి ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్‌ని, ప్రోగ్రామర్‌ని ఆఫీసుగదిలో కూర్చోబెట్టింది. తలుపు దగ్గర కానిస్టేబుల్. బల్లమీద టెర్మినల్ జ్ఞాపకంలోంచి తీసిన రెండు కాగితాలు, ఒక రిజిస్టరు.

"మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా ఎక్కడున్నారు?"

"లారీ దగ్గర," అన్నాడు సూపర్‌వైజర్. "సరుకు దించుతున్నాం."

"మూడో గది వైపు వెళ్ళలేదా?"

"లేదు మేడమ్."

"టెర్మినల్ లెక్క ప్రకారం 2:14కి నెట్‌వర్క్ కేబుల్ ఊడింది. 2:27కి మళ్ళీ తగిలింది. కేబుల్ దానంతటది తగులుకోదు."

సూపర్‌వైజర్ భుజాలెగరేశాడు.

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు తిప్పింది. "మూడో గది ఉష్ణోగ్రత అరగంటకోసారి రాయాలి. 2:30కి మైనస్ పన్నెండు అని రాసి ఉంది. దస్తూరీ ఎవరిది?"

"నాదే, కానీ..."

"ఆ మీటరు ఎక్కడుంది?"

ప్రోగ్రామర్ నెమ్మదిగా అన్నాడు, "టెర్మినల్ పైనే మేడమ్. దానికి నాలుగు వేళ్ళ ఎత్తున."

"పది నిమిషాల సంగతి ఈయనకి తెలుసా?"

"పోయిన నెల నేనే చెప్పాను. కరెంటు పోయినప్పుడు అడిగారు."

సూపర్‌వైజర్ కుర్చీ అంచుకి జరిగాడు. "ఫ్యాన్లు ఆగి గది వేడెక్కుతోంది మేడమ్. బయట లారీ. మందులు పాడైతే నా ఉద్యోగం పోతుంది. బయటికి రావయ్యా అంటే, పిడి బిగించాకే వస్తానన్నాడు. కేబుల్ పీకాను. చలి తగిలితే తనే వస్తాడనుకున్నా."

"పిడి లేని తలుపులోంచా?"

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద వేలు పెట్టింది.

"కేబుల్ మళ్ళీ పెట్టారు. 2:29, 2:30, 2:31. మూడుసార్లు మీ కళ్ళముందు టెర్మినల్ మీద ఎర్రలైటు వెలిగింది. ఆయన బటన్ నొక్కుతున్నాడు. ఆ అలారం పంపడానికి టెర్మినల్ పాత రికార్డునే అడిగింది. అలాంటి రికార్డు లేదంది సర్వర్. అందుకే మీ సర్వర్‌లో అలారం లేదు. తాళంచెవి మీ జేబులో ఉంది. ఎందుకు తెరవలేదు?"

"తెరిస్తే మళ్ళీ వేడెక్కుతుందని... ఐదు నిమిషాలాగి తీద్దామనుకున్నా. లారీవాడు కేకేశాడు. మర్చిపోయాను మేడమ్."

"5:10కి గుర్తొచ్చింది. అప్పుడు చచ్చినవాడి మీద చావు మోపారు."

కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ మీద కూతురి పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"ఇవన్నీ మీ నాన్న బటన్ నొక్కిన టైములమ్మా. మొదటిది 2:22. నలభై ఒక్కసారి."

ఆ అమ్మాయి వేలితో ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. పెదాలు కదులుతున్నాయి. చివరి వరుస 3:12. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇంటికి రావాలనే చూశాడు," అంది.

"అవునమ్మా."

"మా నాన్నది మొండిపట్టు మేడమ్. ఏదైనా మొదలుపెడితే వదలడు." అప్పుడు మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.