బాలింత మసక

తెల్లవారగానే ఈరవ్వ బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆ చాట ముందు వంగి వంగి ఆమె నడుము ఇక నిటారుగా నిలవనంటోంది. పక్కనే మూడు నెలల మనవడికి పాలిస్తున్న కోడలు గంగమణిని చూస్తే కోపం వచ్చింది గానీ, కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు. అయినా నోరు ఊరుకోదు కదా!

"నిన్న గూడ దీపాలు పెట్టంగనే చాట పక్కకు జరిపి మంచమెక్కినవ్. సందకాడైతే చేతులు పడిపోతయా?"

"కండ్లు మసకైతున్నయ్ అత్తా. ఆకు ఎటు కత్తిరిస్తున్ననో తెలుస్తలేదు."

"అది బాలింత మసకనే పిల్లా! మా అవ్వకొచ్చింది, మూడు కాన్పులకు నాకొచ్చింది. నేను తడుముకుంటనే చుట్టిన. లోకంల నువ్వొక్కదానివే కన్నవా?"

గంగమణి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమిరింది.

ఆ రోజు పిల్లవాడికి సూదిమందు వేయించాలి. కొడుకు హన్మండ్లు చెరకు లారీ తోలుకుని బోధన్ పోయి రెండు రోజులైంది. అందుకని అత్తాకోడళ్ళే సర్కారు దవాఖానకు నడిచారు. నర్సు పిల్లవాణ్ణి తూచి, తల్లి వైపు ఎగాదిగా చూసి, ఆమెనూ కాటా ఎక్కమంది. ముల్లు ముప్పై ఆరు కిలోల దగ్గర ఆగింది.

"ఏం తింటున్నవమ్మా?"

జవాబు ఈరవ్వే గర్వంగా చెప్పింది. "నేనే దగ్గరుండి పథ్యం పెడుతున్న సిస్టరమ్మా. అన్నం, ఎల్లిపాయ కారం. ఆకుకూర ముట్టనియ్య, గుడ్డు ముట్టనియ్య. పిలగానికి పడిశం పట్టదా మరి?"

నర్సు ఆమె మాట పట్టించుకోకుండా గంగమణినే అడిగింది. "పొద్దుగూకినంక కండ్లు కనవడ్తున్నయా?"

గంగమణి ఒక్కసారిగా ఏడ్చేసింది. "లేదమ్మా. మొన్న వీడు చాప మీద ఏడుస్తుంటే తడుముకుంట పోయి వీని మీదనే కాలేస్తుంటి. ఇంక వీని మొఖమే చూడనేమోనని భయమైతున్నది."

ఈరవ్వ "బాలింత మసకనే గద..." అని గొణిగింది.

"అట్లాంటి జబ్బే లేదవ్వా. ఇది రేచీకటి. ఒంట్ల సత్తువ లేక, ఆకుకూర, గుడ్డు లేక వచ్చింది. డాక్టరమ్మకు చూపియ్యుండ్రి, మందిస్తది. నయమైతది. ఇట్లనే ఇడిసిపెడితే మాత్రం కండ్లే పోతయ్."

మందు తీసుకుని తిరిగి వస్తుంటే ఈరవ్వకు దారి పొడుగునా తన రెండో కాన్పే కళ్ళలో మెదిలింది. సందెవేళ గంజి గిన్నె తగిలి చెయ్యి కాలింది. అత్త తిట్టింది. తల్లి కూడా ఓర్చుకోమనే చెప్పింది. ఏం తింటున్నావని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆకలికి పథ్యమని, దాంతో వచ్చిన చీకటికి మసకని పేర్లు పెట్టుకుని తల్లీ, తనూ బతుకులు వెళ్ళదీశారు. ఇప్పుడదే చీకటిని ఈ పిల్ల నెత్తిన తనే రుద్దింది.

ఇంటికి రాగానే పాలకూర పప్పు వండి, గుడ్డు ఉడకబెట్టి కోడలి ముందు పెట్టింది.

"తిను బిడ్డా. పాపిష్టిదాన్ని, చేతులార నీ కండ్లు తీస్తుంటి" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

గంగమణి గుడ్డును రెండు ముక్కలు చేసి, ఒకటి అత్త చేతిలో పెట్టింది.

"నీ కాన్పులప్పుడు నీకెవ్వరు పెట్టలే గద అత్తా. నువ్వు గూడ తిను."

ఈరవ్వ ఆ ముక్క నోట్లో పెట్టుకుంది గానీ, ఎంతసేపటికీ మింగలేకపోయింది.