కొంగల దిబ్బ కాడ పిలుపు

సోమశిల డ్యాము వెనక నీళ్ళల్లో కొంగల దిబ్బ అని ఒక లంక ఉండాది. పగలు చూస్తే అంత అందమైన చోటు మా చుట్టుపక్కల ఇంకోటి లేదు. తుమ్మచెట్ల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా పిల్లలు. ఫారెస్టు వాళ్ళు దాన్ని పక్షుల కోసమని కాపాడతా ఉండారు. అక్కడ వల వెయ్యకూడదు, మంట పెట్టకూడదు, పొద్దు గూకినాక మనిషనేవాడు ఉండకూడదు.

ఆ చివరి మాట ఫారెస్టు వాళ్ళు చెప్పకపోయినా ఎవురూ తప్పరు. ఎందుకంటే... చీకటి పడితే అక్కడ ఒక ఆడగొంతు పిలస్తాది.

"ఇట్టా... ఇట్టా రా..."

అంతే. పేరు పెట్టదు. పేరు పెట్టదు గాబట్టే, విన్న ప్రతివాడికీ తననే పిలిచినట్టు ఉంటాది. చేపలు పట్టేవాళ్ళు ఆ గొంతు చెవిన పడిందంటే వలలు నీళ్ళల్లోనే వదిలేసి తెడ్డేసుకుంటా వచ్చేస్తారు. పలకరు. వెనక్కి చూడరు. పలికినోడు ఒడ్డుకి రాడని చెప్పుకుంటారు.

ఈ కథ నాకు సుజన చెప్పింది. ఆత్మకూరులో మా పక్క పోర్షన్లోనే ఉంటారు, ఆమే, వాళ్ళాయన రాజా. చెప్పినంతసేపూ నా చెయ్యి పట్టుకోనే ఉండింది.

సుజన ఉదయగిరి కొండ కింద పుట్టిన పిల్ల. నీళ్ళంటే బోరింగు కాడ బిందెలోకి పడేటివే తెలుసు. రాజా ఆమెకి మేనమామ కొడుకు. ఇప్పుడు బస్సు కండక్టరు గానీ, పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. పెళ్ళయినప్పటినుంచీ అతనికి ఒకటే ఆశ... పెళ్ళాన్ని తెరచాప పడవలో ఎక్కించుకోని, పొద్దు వాలేటప్పుడు కొంగలన్నీ ఒక్కసారిగా దిబ్బకి తిరిగొచ్చేది చూపియ్యాలని.

మొన్న శీతాకాలంలో ఒక రోజు లీవు దొరికింది. వాళ్ళన్న పడవ అడిగి తీసుకున్నాడు. నాటుపడవే. నీలం ప్లాస్టిక్ పట్టలు కలిపి కుట్టిన తెరచాప. రేవులో ఫారెస్టు వాచరు సిద్ధయ్య పర్మిషన్ చూసి, ఒకటే మాటన్నాడు.

"పొద్దు ఉండంగానే వచ్చెయ్యండి. ఆ యమ్మ పిలస్తాది."

రాజా నవ్వినాడు. సుజన నవ్వలేదు.

గాలి బాగుండింది. పడవ చప్పుడు లేకుండా జారిపోతా ఉంటే, సుజనకి భయం పోయి నవ్వొచ్చిందంట. నీళ్ళల్లో చెయ్యి పెట్టి ఆడుకున్నదంట. దిబ్బ కాడ ఒక ఎండిన మోడుకి తాడు కట్టి దిగినారు. గూళ్ళ జోలికి పోకుండా, ఒడ్డునే నీడలో కూచోని తెచ్చుకున్న పులిహోర తిన్నారు. ఎంత బాగుండిందంటే, మా పెళ్ళయినాక అంతసేపు మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ రోజే అన్నది నాతో.

పొద్దు వాలింది.

"పోదాం బావా," అన్నది సుజన.

"ఇంకొంచెం సేపుండు. వాటి కోసమే గదా వచ్చింది."

"ఆయన చెప్పినాడు గదా..."

"సిద్ధయ్య అట్టనే చెప్తాడు. నేనుండాను గదా!"

అప్పుడొచ్చినాయి కొంగలు. పడమట ఆకాశం నిండా గీతలు గీతలుగా... తల మీదనే రెక్కల గాలి తగిలేంత కిందకి దిగినాయి. ఇద్దరూ తలలెత్తి నోరు తెరుచుకోని చూస్తా ఉండిపోయినారు.

తల దించేసరికి పడవ లేదు.

పడమటి గాలి ఎప్పుడు ఎక్కువైందో! మోడు కుళ్ళిపోయినట్టుంది, తాడుతో సహా ఊడొచ్చింది. తెరచాప దించలేదు. గాలికి అది ఉబ్బి, మనిషెవరో నడుపుతున్నట్టే పడవ తూర్పు దిక్కుగా పోతా ఉండాది. వాళ్ళ ఫోన్లు రెండూ అందులో సంచిలోనే.

రాజా చొక్కా విప్పి పారేసినాడు.

"వద్దు బావా! పోతే పోనీ!"

"రాత్రంతా ఈడ ఏం చేస్తావు? ఇట్ట పోయి అట్ట వస్తా. కదలొద్దు నువ్వు."

దూకినాడు. చిన్నప్పటినుంచీ ఆ నీళ్ళల్లో ఈదినోడే. ఇదిగో అందింది, ఇదిగో అందింది అనుకునేంతలో గాలి ఒక తోపు తోసేది, పడవ ముందుకు పోయేది. తల చిన్నదైపోయింది. చుక్కంత అయిపోయింది. ఆ తర్వాత... చీకటి.

"బావా!"

సుజన అట్ట అరిచిందో లేదో, చెట్ల మీద కొంగలన్నీ లేచినాయి. ఆ రెక్కల చప్పుడు, ఆ గోలలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. అరిచేకొద్దీ గోల పెరిగింది. అప్పుడు అర్థమైంది... అరిస్తే ఈ గోలలో అతనికి ఏమీ వినపడదు. అరవకపోతే, దిబ్బ ఏ పక్కన ఉందో అతనికి తెలీదు.

నోరు రెండు చేతులతో మూసుకోని, మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడింది. పక్షులు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. గాలి కూడా పడిపోయింది. నీళ్ళు అద్దం మాదిరి అయినాయి.

అప్పుడు వినపడింది.

"ఇట్టా... ఇట్టా రా..."

ఆడగొంతు. ఎక్కడినుంచో తెలీదు. అవతలి కొండకి తగిలి, నీళ్ళకి తగిలి, దిబ్బకి ఆ పక్కన ఒకసారి, ఈ పక్కన ఒకసారి. వయసు తెలీని గొంతు. ఏడుపు లేదు దాంట్లో, కోపం లేదు. అన్నానికి పిలిచినట్టు పిలస్తా ఉండాది.

సుజన భయపడింది. తనకోసం కాదు. నీళ్ళల్లో ఉండేది అతను గదా... పిలిచేది సుజనే అనుకుంటే?

"బావా, పోవద్దు! అది నేను కాదు! పలకొద్దు!"

మళ్ళీ కొంగలు లేచినాయి. ఆ గోల మధ్యలోనే, ఎంతో దూరంనుంచి, రాజా గొంతు సన్నగా వచ్చింది.

"వస్తన్నా..."

పలికినాడు. తనకి కాదు. దానికి.

ఆ తర్వాత ఏమీ లేదు. పిలుపూ లేదు, అతని గొంతూ లేదు.

సుజన నీళ్ళల్లోకి నడిచింది. నడుం దాకా వచ్చినాక కాలికింద బురద జారితే వెనక్కి పడింది. మళ్ళీ లేచి నడిచింది. మళ్ళీ పడింది. ఈత రానిదాన్ని, ఎట్ట పోయేది నేను, ఎట్ట పోయేది... అని నాతో చెప్తా చెప్తా ఇక్కడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నది. నేను మంచినీళ్ళు ఇచ్చినాను. తాగలేదు.

ఒడ్డున రాజా చొక్కా ఉంటే అది కప్పుకోని ముళ్ళకంపల్లో ముడుచుకోని కూచున్నదంట. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నదంట. ఎంతసేపో తెలీదు.

మళ్ళీ వచ్చింది ఆ గొంతు.

"ఇట్టా... ఇట్టా..."

ఈసారి దూరంనుంచి కాదు. నీళ్ళ మీద. కొంచెం ఆగి, ఇంకా దగ్గరగా... "ఇట్టా..." గొంతు దిబ్బకే వస్తా ఉండాది. దాంతోపాటే నీళ్ళు కోస్తున్న చప్పుడు, మెత్తగా.

సుజన ముందు కంపల్లోకి ఇంకా లోపలికి దూరింది. ముళ్ళు చేతుల్లోకి దిగినాయి. అంతలోనే ఏమైందో, లేచి నిలబడింది. అతన్ని తీసుకుపోయినాక ఇంక తనకి భయమెందుకు? అతను పోయిన చోటికే తననీ తీసుకుపోనీ అనుకున్నది. కంపల్లోంచి బయటికొచ్చి నీళ్ళంచున నిలబడి, కళ్ళు మూసుకోని, పలికింది.

"ఈడ ఉండాను. రా..."

కనురెప్పల మీద వెలుగు పడింది.

"అదిగో నాయనా, నీ పెళ్ళాం! ఇట్టా పోనీ... ఇట్టా..."

పడవ. ముందు కొసన ఛార్జింగు లైటు పట్టుకోని ఒక ముసలామె. వెనక తెడ్డేస్తా రాజా. పెదాలు నీలంగా ఉండాయి, భుజం మీద ఎవరిదో పాతచీర కప్పుకోని ఉండాడు.

సుజన అతన్ని ముట్టుకోని చూసింది. చల్లగా ఉండాడు, కానీ ఊపిరి వేడిగా ఉండాది. అప్పుడు ఏడ్చింది.

ఆ ముసలామె పేరు పెంచలమ్మ. అవతల అడివి పక్క ఒడ్డున, మేకల దొడ్డి కాడ గుడిసె. ఆమె మొగుడు ఒకనాడు పడవేసుకోని పోయి తిరిగి రాలేదు. పడవొచ్చింది, మనిషి రాలేదు. ఆనాటినుంచీ పొద్దు గూకంగానే ఆమె ఒడ్డుకొచ్చి, చీకట్లో దారి తెలీక ఎక్కడ తిరుగుతున్నాడో అని పిలస్తాది. ఆ పక్కకి మనుషులు పోరు గాబట్టి, ఇన్నేళ్ళూ ఇవతల ఒడ్డున దాన్ని దెయ్యమన్నారు.

"నేను పోవద్దని అరిస్తే వినపడలేదా బావా నీకు?" అన్నది సుజన.

"వినపడింది, ముక్కలు ముక్కలుగా. నీ దిక్కే రావాలనుకున్నా. కాళ్ళు పట్టేసినాయి సుజనా. నువ్వు చానా దూరం, ఆ గొంతు దగ్గర. దెయ్యమే అనుకున్నా..." చలికి రాజా పళ్ళు కొట్టుకుంటా ఉండాయి. "దెయ్యమైతే ఏంది, మట్టి మీద నిలబడి పిలస్తా ఉండాది గదా అనుకున్నా. పలికినా. అంతే, ఈ యవ్వ గుండెల దాకా నీళ్ళల్లోకి దిగొచ్చి, నా జుట్టు పట్టుకోని లాగింది."

గాలికి కొట్టుకపోయిన పడవ కూడా ఆ ఒడ్డునే తట్టుకోని ఉండిందంట. ఆడబిడ్డ ఒకతే దిబ్బ మీద ఉండాదంటే, పెంచలమ్మ నేనూ వస్తానని ఎక్కేసింది. ఆ నీళ్ళల్లో ఎక్కడ మోడు ఉండాదో, ఎక్కడ రాయి ఉండాదో లైటేసి చూపిస్తా, ఇట్టా ఇట్టా అంటా దారి చెప్పింది.

తిరిగి ఆమెని అవతల ఒడ్డున దించేటప్పుడు, సుజన ఆమె కాళ్ళకి మొక్కింది. పైట తడిచిపోయి, ఆ యవ్వ వణకతా ఉండాది. వయసయిపోయిన మనిషి. ఎన్నేళ్ళయిందో లెక్క కూడా లేదు ఆమెకి.

సుజన ఉండబట్టలేక అడిగింది.

"అవ్వా... ఇంక ఆపెయ్యరాదా? ఆయన రాడు."

పెంచలమ్మ రాజా దిక్కు చూసింది. చేతిలో లైటెత్తి అతని మొఖం మీద వేసి, చానాసేపు చూసింది. ఆ తర్వాత లైటు ఆర్పేసి నీళ్ళ దిక్కు తిరిగింది.

"ఎట్టా ఆపేది తల్లీ? ఈ రోజు ఒకడు వచ్చినాడు గదా..."